కోసిన టీడీఎస్ మన ఖాతాలో పడిందా? రిటర్న్ వేసేముందు 26ఏఎస్ చూడండి

మా నాన్నగారు రిటైర్డ్ టీచర్. పెన్షన్, రెండు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు, అంతే ఆయన ఆదాయం. పన్ను పడేంత లేదు. కానీ 2024 ఏప్రిల్‌లో ఒక బ్యాంకుకు 15హెచ్ (నాకు పన్ను పడదు, వడ్డీలో పన్ను కోయొద్దు అని సీనియర్ సిటిజన్లు ఇచ్చే ఫామ్) ఇవ్వడం మర్చిపోయారు. వాళ్లు 64,000 వడ్డీ మీద 10 శాతం, అంటే 6,400 టీడీఎస్ (చేతికి ఇచ్చేముందే కోసే పన్ను) కోసేశారు. రిటర్న్ వేస్తేనే అది వెనక్కి వస్తుంది. ఆ పని ఏటా నాదే.

"వాళ్లు కోసేశారు కదమ్మాయ్, ఇంకా చూసేదేముంది?" అన్నారు నాన్నగారు. చూడాల్సింది అదే. బ్యాంకు కోయడం ఒక పని, దాన్ని మన పాన్ మీద జమ చూపించడం ఇంకో పని. రెండోది జరిగిందో లేదో చెప్పేదే 26ఏఎస్.

ముందు ఎప్పుడు చూడాలో చెబుతాను. జనవరి నుంచి మార్చి దాకా కోసిన టీడీఎస్ లెక్క ఇవ్వడానికి బ్యాంకులకు మే 31 దాకా గడువుంటుంది. మేలోనే చూసి చివరి మూడు నెలలు లేవని నేనొకసారి అనవసరంగా టెన్షన్ పడ్డాను. జూన్ రెండో వారం దాటాక చూస్తే చాలు.

ఇన్‌కమ్ ట్యాక్స్ ఈ-ఫైలింగ్ సైట్‌లో పాన్ నంబరుతో లాగిన్ అవ్వండి. ఈ-ఫైల్ మెనూలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్స్, అందులో వ్యూ ఫామ్ 26ఏఎస్. అది ట్రేసెస్ అనే ఇంకో సైట్‌కి తీసుకెళ్తుంది. ఫోన్లో ఒక్కోసారి ఆ కొత్త పేజీ తెరుచుకోదు, కంప్యూటర్ అయితే గొడవ లేదు. అక్కడ అసెస్‌మెంట్ ఇయర్ అడుగుతుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. 2024-25లో వచ్చిన ఆదాయానికి దాని మరుసటి ఏడాది, 2025-26 ఎంచుకోవాలి.

మొదటి భాగంలో టీడీఎస్ కోసినవాళ్ల పేర్లు వరసగా ఉంటాయి. పక్కనే వాళ్ల టాన్ (పన్ను కోసేవాళ్లకు ఉండే నంబరు), ఇచ్చిన మొత్తం, కోసింది, జమ చేసింది. పేరు పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కితే ఏ తేదీన ఎంతో విడివిడిగా కనిపిస్తుంది. 2024-25 లెక్కలో సెక్షన్ దగ్గర 192 అంటే జీతం లేదా పెన్షన్, 194ఏ అంటే డిపాజిట్ వడ్డీ. స్టేటస్ దగ్గర 'ఎఫ్' ఉంటే జమ ఖరారైనట్టు. 'యు' ఉంటే వాళ్లు కట్టిన పన్నుకీ ఇచ్చిన లెక్కకీ పొంతన కుదరలేదని, కాబట్టి ఆ బ్యాంకునే అడగాలి.

మాకు 'యు' కూడా రాలేదు. అసలు ఆ బ్యాంకు పేరే లేదు!

బ్యాంకు ఇచ్చిన వడ్డీ సర్టిఫికెట్‌ను, నాన్నగారి పాన్ కార్డును పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం చదివాను. అంకెల్లో 3 ఉండాల్సిన చోట 8 ఉంది. ఎవరి పాన్ మీద పడిందో ఏమో ఆ 6,400. ఇలాంటప్పుడు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లను అడిగి లాభం లేదు. కోసినవాళ్లే దిద్దిన టీడీఎస్ లెక్క మళ్లీ దాఖలు చేయాలి. పాన్ కార్డు జిరాక్సు జతచేసి అర్జీ రాసిచ్చాం, నకలు మీద బ్రాంచి ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర లేకపోతే "ఎప్పుడిచ్చారమ్మా?" అంటారు. నాలుగుసార్లు తిరిగాక, ఐదు వారాలకు ఎంట్రీ కనిపించింది.

ఈలోగా అదే ఈ-ఫైలింగ్ సైట్‌లో ఏఐఎస్ (మన ఏడాది ఆదాయ వివరాల పట్టిక) కూడా చూశాను. దాని పీడీఎఫ్ పాస్‌వర్డ్ చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే పుట్టినతేదీ, మధ్యలో ఖాళీ లేకుండా. టీడీఎస్ కోయని వడ్డీ 26ఏఎస్ మొదటి భాగంలో ఉండదు, ఏఐఎస్‌లో ఉంటుంది. రెండో బ్యాంకుకు 15హెచ్ ఇచ్చాం కాబట్టి వాళ్లు ఏమీ కోయలేదు. అయినా ఆ వడ్డీని రిటర్న్‌లో చూపించాల్సిందే. ఏఐఎస్‌లో ఏదైనా మనది కాకపోతే ఆ వరస మీదే ఫీడ్‌బ్యాక్ ఇవ్వొచ్చు.

ఎంట్రీ పడకముందే 6,400 క్లెయిమ్ చేసి వేసేయమన్నారు ఒకరు. లెక్క కలవకపోతే రీఫండ్ ఆగి, మళ్లీ ఉత్తరాలు నడపాలి. ఆ ఏడాది గడువు సెప్టెంబరుకు పెంచారు కాబట్టి నేను ఆగాను. 'ఎఫ్' కనిపించిన రోజు రాత్రే రిటర్న్ వేసి, ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేశాను. ఓటీపీ నాన్నగారి ఫోన్‌కి వస్తుంది, నిద్రలేపి మరీ అడిగాను.