ఎత్తు ఎక్కుతుంటే గేరు జారుతోందా? బ్యారెల్ ముట్టుకోకముందు సైకిల్ వెనక కూర్చుని చూడండి

సమస్య ఇది. సోలో మౌంటెన్ బైక్ రేసులో అయిదారు గంటలు గడిచాయి. తేలిక గేరులో నిటారు ఎత్తు ఎక్కుతున్నారు. పెడల్ మీద బరువు వేసినప్పుడల్లా చైన్ టక్కున పక్క గేరు చక్రం మీదికి దూకుతోంది, లేదంటే రెండు గేరు చక్రాల మధ్య కరకరలాడుతోంది. పొద్దున స్టార్ట్ దగ్గర మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఇలాంటప్పుడు అందరి చెయ్యీ గేరు కేబుల్ బిగువు సర్దే చిన్న మర, బ్యారెల్ అడ్జస్టర్ మీదికే పోతుంది. ఆగండి. సైకిల్ దిగి, వెనక చక్రం యాక్సిల్ బిగువుగా ఉందో లేదో చూడండి. రాళ్ల దారిలో గంటల తరబడి అదిరితే యాక్సిల్ వదులవుతుంది. 2019 తర్వాత వచ్చిన యూడీహెచ్ (యూనివర్సల్ డీరైలర్ హ్యాంగర్) రకం ఫ్రేముల్లో యాక్సిల్ మర బిగిసేది డీరైలర్ హ్యాంగర్‌లోకే. చైన్‌ను గేరు నుంచి గేరుకు మార్చేది డీరైలర్, దాన్ని ఫ్రేముకు తగిలించే ముక్క హ్యాంగర్. అది వదులైతే చక్రం, డీరైలర్ రెండూ కదులుతాయి. అలెన్ కీతో బిగించడానికి పది సెకన్లు పట్టదు. రేసుల్లో నన్ను ఆపి గేర్ల గురించి అడిగినవాళ్లలో చాలామంది ఈ ఒక్కటీ చూడలేదు.

యాక్సిల్ గట్టిగా ఉంటే డీరైలర్‌ను చేత్తో పట్టుకుని ఊపండి. హ్యాంగర్ దగ్గర లూజు తగిలితే దాని బోల్టు బిగించండి. తర్వాత కేబుల్. బురదలో రేసు నడిస్తే వెనక కేబుల్ గొట్టంలోకి మట్టి చేరి, గేరు మారడం మందగిస్తుంది. ఇలాంటి కేబుల్ గొడవ అన్ని గేర్లలోనూ ఒకేలా తెలుస్తుంది.

అసలు కారణం ఇంకొకటి ఉంది. దాని వల్ల నా రేసు ఒకటి పూర్తిగా పోయింది.

హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు సైకిల్‌ను పెట్టెలో విమానంలో తీసుకెళ్లి, అక్కణ్ణుంచి రోడ్డు మీద హిమాచల్ చేరాను. గదిలో సైకిల్ బిగించి, వెనక చక్రం పైకెత్తి పెడల్ తిప్పాను. గేర్లన్నీ చక్కగా పడ్డాయి. మర్నాడు మొదటి పెద్ద ఎత్తులోనే పెద్ద చక్రాల మీద చప్పుడు మొదలైంది. బ్యారెల్ అర చుట్టు తిప్పితే తగ్గింది. దిగేటప్పుడు చిన్న చక్రాల్లో గేరు పడలేదు. మళ్లీ వెనక్కి తిప్పాను. ఇలా మూడుసార్లు. నాలుగో ఎత్తులో అన్నిటికంటే పెద్ద చక్రంలోకి మార్చగానే డీరైలర్ పోయి స్పోకుల్లో పడింది. హ్యాంగర్ విరిగింది, డీరైలర్ పంజరం మెలితిరిగింది, మూడు స్పోకులు తెగాయి. దక్షిణాఫ్రికాలో జంటగా చేసే కేప్ ఎపిక్ లాంటి రేసులో అయితే పక్కన ఒక మనిషీ, అతని బ్యాగులో సామానూ ఉంటాయి. సోలోలో ఎవరూ లేరు. చీకటి పడేదాకా సైకిల్ నెట్టుకుంటూ నడిచాను.

ప్రయాణంలో పెట్టె మీద బరువు పడి హ్యాంగర్ లోపలికి వంగింది. నేను చూడలేదు.

హ్యాంగర్‌ను మెత్తటి అల్యూమినియంతో చేసేది దెబ్బ తగిలితే ఫ్రేముకు బదులు అదే వంగాలని. అందుకే సైకిల్ కుడివైపు పడ్డా, కుడివైపు ఒత్తిడి పడ్డా ముందు వంగేది అదే. 12 గేర్ల క్యాసెట్‌లో, అంటే వెనక గేరు చక్రాల గుత్తిలో, చక్రానికీ చక్రానికీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. కంటికి వెంటనే ఆనని కొద్దిపాటి వంపు చాలు, గేరు గురి తప్పుతుంది. బరువు లేకుండా తిప్పినప్పుడు చైన్ ఎలాగో నిలబడుతుంది. ఎత్తులో లాగితే నిలబడదు.

గుర్తు పట్టడం తేలికే. పెద్ద చక్రాలకు సర్దితే చిన్నవి చెడతాయి, చిన్నవాటికి సర్దితే పెద్దవి చెడతాయి. బ్యారెల్‌ను ఎటు తిప్పినా రెండు చివరలూ ఒకేసారి బాగుపడటం లేదంటే అది కేబుల్ గొడవ కాదు. సైకిల్ వెనక కూర్చుని, కన్ను క్యాసెట్ ఎత్తుకు తెచ్చి చూడండి. డీరైలర్‌లోని రెండు చిన్న చక్రాలూ పైనున్న గేరు చక్రానికి సరిగ్గా కింద, ఒకే వరుసలో ఉండాలి. కింది భాగం స్పోకుల వైపు ఒరిగి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. అప్పట్నుంచి పెద్ద చక్రం వాడకండి. డీరైలర్ కదలికకు హద్దు పెట్టే లిమిట్ స్క్రూ తిన్నటి హ్యాంగర్‌కు సర్దినది, డీరైలర్‌ను స్పోకుల్లోకి పోకుండా ఇక ఆపలేదు.

దారిలో చేయగలిగింది: స్పేర్ హ్యాంగర్ ఉంటే మార్చేయండి. లేకపోతే గేరును అన్నిటికంటే చిన్న చక్రంలోకి తెచ్చి, డీరైలర్‌ను పట్టి ఉంచే బోల్టులో 5 మిల్లీమీటర్ల అలెన్ కీ పూర్తిగా దూర్చండి. ఒక చెయ్యి డీరైలర్ కింది భాగం మీద, ఇంకో చెయ్యి అలెన్ కీ మీద ఉంచి, రెంటినీ కలిపి మెల్లగా బయటికి లాగండి. కొంచెం లాగడం, వెనక నుంచి చూడటం, అంతే. అటూ ఇటూ పదేపదే వంచితే అల్యూమినియం పుటుక్కున విరుగుతుంది. వరుస తొంభై శాతం కుదిరినా చాలు, అత్యంత పెద్ద చక్రాన్ని వదిలేసి రేసు ముగించవచ్చు. ఎలక్ట్రానిక్ గేర్లున్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లకు కేబుల్ లేదు కానీ చాలామందికి హ్యాంగర్ ఉంది.

ఇంటికొచ్చాక హ్యాంగర్ వంపు కొలిచే గేజ్ పెట్టి రిమ్ చుట్టూ నాలుగు చోట్ల కొలిపించండి. నాలుగు మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదంటారు. 12 గేర్లకు నేను రెండు కూడా దాటనివ్వను.

హ్యాంగర్ విరిగిపోయి స్పేర్ లేకపోతే డీరైలర్ విప్పేసి, చైన్ కత్తిరించి, నడిమి చక్రం మీద ఒకే గేరుగా బిగించుకోవచ్చు. వెనక సస్పెన్షన్ లేని సైకిల్‌కే ఇది నిలుస్తుంది. సస్పెన్షన్ ఉంటే అది కదిలినప్పుడల్లా చైన్ బిగువు మారిపోతుంది.

మిగిలినవి అరుదు. చైన్‌లో ఒక లింకు బిగుసుకుంటే జారుడు ఒక లెక్క ప్రకారం వస్తుంది, చేత్తో అటూ ఇటూ వంచి వదులు చేయండి. పాత క్యాసెట్ మీద కొత్త చైన్ వేస్తే బాగా వాడిన చక్రాలే జారతాయి, అది రేసుకు ముందే చూసుకోవాల్సిన పని. పెడల్ బలాన్ని వెనక చక్రానికి అందించే ఫ్రీహబ్ పోతే పెడల్ ఖాళీగా తిరుగుతుంది, దారిలో దానికి మందు లేదు.

ఈసారి సైకిల్ పెట్టెలో పెట్టేటప్పుడు డీరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డ చుట్టి, వెనక ఫ్రేము త్రికోణం లోపల జిప్ టైతో కట్టండి. యూడీహెచ్ కాకపోతే హ్యాంగర్ ఏ ఫ్రేముకు ఆ ఫ్రేముదే, కొండ కింద ఊళ్లో దొరకదు. మీ ఫ్రేముకు సరిపోయేది ఇప్పుడే ఒకటి కొని జీను కింది బ్యాగులో వేసుకోండి.