సంఘం బడి కమిటీలోకి కొత్తగా వచ్చినవారికి

మా సంఘం నడిపే హైస్కూలు కమిటీలో నేను 2017 నుంచి 2023 దాకా ఆరేళ్లు ఉన్నాను. గుంటూరు జిల్లాలో లూథరన్ క్రైస్తవ సంఘం బడి అది. బ్యాంకులో 31 ఏళ్లు పనిచేసి రిటైరైన నెలకే పాస్టరయ్యగారు ఇంటికి వచ్చి, "అమ్మా, లెక్కలు తెలిసినవాళ్లు ఒకరు కావాలి, కాదనకండి" అన్నారు. మా అమ్మ, నేను, మా అబ్బాయి ముగ్గురం చదివింది ఆ బడిలోనే. ఎలా కాదంటాను?

మొదటి మీటింగులోనే తప్పు చేశాను. ప్రార్థన అయింది, టీలు వచ్చాయి, ఎజెండా చదివారు, గంటలో ముగిసింది. లేచేటప్పుడు మినిట్స్ బుక్ చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. పైన తేదీ, కింద మా పేర్లు, మధ్యలో పేజీ అంతా ఖాళీ. "తీర్మానాలు సాయంత్రం రాసుకుంటాం మేడం" అన్నారు. బ్యాంకులో ఖాళీ వోచరు మీద సంతకం అడిగితే ఒప్పుకునేదాన్ని కాదు. ఇక్కడ మాత్రం మనవాళ్లే కదా అని పెట్టేశాను. నాలుగు నెలల తర్వాత అదే పేజీలో, బడి ప్రహరీని ఆనుకుని రోడ్డు వైపున్న స్థలం రెండు షాపులకు తొమ్మిదేళ్ల లీజుకు ఇచ్చినట్టు తీర్మానం కనిపించింది. ఆ సంగతి మేం మాట్లాడనే లేదు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాలి, అది కాలేదు. అయినా వాళ్లను ఖాళీ చేయించి స్థలం వెనక్కి తెచ్చుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ కాగితం మీద నా సంతకం కూడా ఉంది.

అందుకే ముందు ఇది చెబుతున్నాను. తీర్మానాలు అక్కడే రాయించండి, పైకి చదివించండి, మిగిలిన ఖాళీలో అడ్డంగా గీత కొట్టించండి, తర్వాతే సంతకం పెట్టండి. మీకు ఇష్టం లేని తీర్మానం అయితే "నేను ఒప్పుకోలేదని రాయండి" అని అడగండి. ఇలా అడిగితే గొడవపడుతున్నారని అనుకుంటారేమోనని మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది. మూడో మీటింగు నుంచి కరస్పాండెంట్ గారే మినిట్స్ రాసే అమ్మాయిని పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టారు.

చేరిన నెలలోనే కొన్ని కాగితాలు అడిగి చదవండి. సొసైటీ లేదా ట్రస్టు నియమావళి, జిల్లా రిజిస్ట్రారుకు ఇచ్చిన ఈ ఏడాది కమిటీ జాబితా, బడి గుర్తింపు ఉత్తర్వు, అది ఎప్పుడు ముగుస్తుందో ఆ తేదీ, స్థలం ఎవరి పేరున ఉందో చెప్పే దస్తావేజు, ఫైర్ సర్టిఫికెట్, గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు. అడగగానే వస్తే మంచిది. "చూద్దాం లెండి" అంటే రాతపూర్వకంగా అడగండి. స్థలం కాగితాల దగ్గర ఇంకొంచెం పట్టుదలగా ఉండండి. మిషనరీల కాలంలో కొన్న స్థలాలు ఇవాళ ఊరి నడిబొడ్డున ఉన్నాయి, వాటి మీద ఎవరి కళ్లు ఉన్నాయో మీకే తెలుసు.

కమిటీల్లో నేను ఎక్కువగా విన్న మాట "మనది మైనారిటీ స్కూలు, మనకు రూల్స్ వర్తించవు". ఇది సగం నిజం కూడా కాదు. మైనారిటీలు తమ విద్యాసంస్థలను స్థాపించుకుని నడుపుకునే హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో ఉంది. విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2025 సెప్టెంబరులో అదే కోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఆ తీర్పు సరైనదేనా అని సందేహం చెప్పి, పెద్ద బెంచి చూడాలంది. ఆ సంగతి ఎటు తేలినా పీఎఫ్, ఫైర్ నిబంధనలు, పిల్లల రక్షణ చట్టం మైనారిటీ బడి అని ఎవరినీ వదలవు. నడిపే హక్కులో చెడ్డగా నడిపే హక్కు లేదని సుప్రీంకోర్టు 1958లోనే చెప్పింది. ఎవరైనా ఆ మాట ఎత్తినప్పుడల్లా నేను ఈ 1958 సంగతి గుర్తుచేసేదాన్ని.

బైబిల్ పీరియడ్ గురించి కూడా మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. మా బడిలో సగానికి పైగా పిల్లలు హిందూ, ముస్లిం ఇళ్ల నుంచి వస్తారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో, పిల్లల తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. మా అడ్మిషన్ ఫారంలో ఆ సమ్మతి ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, ఇరవై షరతుల మధ్య ఉండేది. ఒకరోజు కూలి పనికి వెళ్లే ఒక తండ్రి ఆఫీసుకు వచ్చి, "మా పిల్లని ప్రార్థనకు కూర్చోబెట్టొద్దని కాదండీ, మమ్మల్ని ఒక్క మాట అడగలేదని" అన్నాడు. ఆయన గొంతు పెంచలేదు. ఆ మాట నాకు చాలా రోజులు నిద్రలో కూడా వినిపించింది. తర్వాతి మీటింగులో తెలుగులో విడిగా ఒక కాగితం తయారుచేయించాం. అవును, కాదు అని రెండు గళ్లు, కింద సంతకం. కాదన్న పిల్లలకు ఆ గంటలో లైబ్రరీ. మొదటి ఏడాది పదకొండు మంది కాదన్నారు. కొందరు పెద్దలు బాధపడ్డారు. క్రీస్తు గురించి బడి ఇచ్చే సాక్ష్యం బలహీనపడుతుందన్నారు. నా నమ్మకం వేరు. 1842 జూలై 31న అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరులో అడుగుపెట్టిన తర్వాత మన ప్రాంతంలో మొదలైన మిషన్ బడులు, ఊరి చివర పేటల పిల్లలకీ ఆడపిల్లలకీ మొదటిసారి పలక ఇచ్చాయి. మా అమ్మమ్మ ఆ పలక పట్టుకునే అక్షరాలు దిద్దింది. నా దృష్టిలో బడి సాక్ష్యం అదే. ఇష్టం లేని పిల్లని బెంచి మీద కూర్చోబెట్టడం కాదు.

ఇక డబ్బు. సంఘం ఖాతా, బడి ఖాతా ఎప్పుడూ కలవకూడదు. గుడి పైకప్పు కారుతుంటే బడి బిల్డింగ్ ఫండ్ నుంచి చేబదులు తీసుకోవడం, క్రిస్మస్ కానుకలు వచ్చాక ఇస్తామనడం చాలాచోట్ల జరుగుతుంది. అందులో దొంగతనం ఉండదు, మంచి మనసే ఉంటుంది, కానీ ఆ డబ్బు తిరిగి రావడం నేను ఎక్కువగా చూడలేదు. ప్రతి మీటింగుకీ మూడు కాగితాలు బల్ల మీద ఉండాలని పట్టుబట్టండి: బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసిన క్యాష్ బుక్, ఫీజు బకాయిల జాబితా, పీఎఫ్ చలానా. పీఎఫ్ తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. టీచర్ల జీతం నుంచి కోసి కట్టకుండా వాడుకుంటే అది వాళ్ల డబ్బు వాడుకోవడమే. ప్రైవేటు బడుల ఫీజు ఆదాయం ఎలా పంచాలో 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1లో ఉంది. సగం జీతాలకు, 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ లాంటి వాటికి, 15 శాతం నిర్వహణకు, 15 శాతం అభివృద్ధికి, 5 శాతం యాజమాన్యానికి. మీ బడి లెక్కను ఈ లెక్క పక్కన పెట్టి ఒకసారి చూడండి. మా దగ్గర చూసినప్పుడు జీతాల వాటా సగానికి చాలా తక్కువ వచ్చింది. వేసవి రెండు నెలలూ టీచర్లకు జీతం ఇవ్వట్లేదు మరి. ఆ రెండు నెలల జీతం ఇప్పించడానికి నాకు మూడేళ్లు పట్టింది. కమిటీలో నేను చేసిన పనుల్లో నాకు బాగా తృప్తినిచ్చింది అదే.

పాత విద్యార్థులు అమెరికా నుంచి ఫోన్ చేసి "ఆంటీ, కంప్యూటర్ ల్యాబ్ కట్టిస్తాం, అకౌంట్ నంబర్ పంపండి" అంటారు. సంతోషమే, కానీ వెంటనే పంపకండి. ఆ అబ్బాయిది ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయి, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన మనవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం కిందికి వస్తుంది. సొసైటీకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. "మీది ఏ పాస్‌పోర్టు బాబూ?" అని అడగడానికి సిగ్గుపడకండి.

టీచర్లు సాయంత్రం మీ ఇంటికి వస్తారు. హెచ్‌ఎం గారి మీద ఫిర్యాదు, టైంటేబుల్ మీద ఫిర్యాదు. కాఫీ ఇవ్వండి, వినండి, "ముందు హెచ్‌ఎం గారికి రాసి ఇవ్వమ్మా, అక్కడ తేలకపోతే కమిటీకి రాయి" అని పంపండి. క్లాసులోకి తొంగిచూడటం, ఎవరికి ఏ సెక్షన్ ఇవ్వాలో చెప్పడం మన పని కాదు. సంఘం ఎన్నికల్లో ఎవరు ఏ వైపో ఊరంతటికీ తెలుసు, ఆ వర్గాల గొడవ బడి గేటు బయటే ఆగాలి. మన బంధువులెవరైనా ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, ఆ సంగతి ముందే చెప్పి గదిలోంచి లేచి బయటికి వెళ్లిపోండి. మా తమ్ముడి కూతురి విషయంలో నేను వరండాలో కూర్చున్నాను. ఆ పిల్లకి ఉద్యోగం రాలేదు. మా తమ్ముడు రెండు నెలలు మాట్లాడలేదు.

అయితే ఒక్క విషయంలో హెచ్‌ఎం గారి దాకా, కమిటీ దాకా అని ఆగకూడదు. పిల్లల మీద లైంగికంగా చెయ్యి వేశారన్న మాట మీ చెవిన పడితే, "పెద్దల్లో పెట్టి మాట్లాడదాం, సంఘం పరువు పోతుంది" అనేవాళ్లు తప్పకుండా వస్తారు. వినకండి. పోక్సో చట్టం 2012 ప్రకారం తెలిసిన వెంటనే పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల వరకు జైలు, తన కింద పనిచేసేవాడి సంగతి సంస్థ బాధ్యుడే దాస్తే ఏడాది వరకు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి వరండాలో, పిల్లల కంటి ఎత్తులో రాయించండి. జైలు సంగతి అటుంచి, ఆ పిల్ల మన ఇంటి పిల్ల అయితే మనం పెద్దల కోసం ఎదురుచూస్తామా?

టర్ముకి ఒకసారి బడి అంతా నడిచి చూడండి. హెచ్‌ఎం గారికి చెప్పి, ఆయనతోనే. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపులకు లోపల గడియ ఉందా, నీళ్లు వస్తున్నాయా, గ్యాస్ బండ ఎక్కడ ఉంది, మెట్ల గేటుకు తాళం వేసి ఉందా. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణం అనే ఊళ్లో బడి వంటగదిలో అంటుకున్న మంట పూరి పైకప్పుకు పాకి 94 మంది పిల్లలు చనిపోయారు. మా బడిలో మేడ మీదికి ఉన్న రెండో మెట్ల దారిలో పాత బెంచీలు పేర్చి ఉండేవి. వాటిని తీయించడానికి డబ్బు ఖర్చు కాలేదు, ఒక శనివారం మధ్యాహ్నం సరిపోయింది.

పెద్ద నిర్ణయాలు ఒక్క మీటింగులో చేయకండి. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని, అంటే ప్రభుత్వం జీతమిచ్చే మా బడి సిబ్బందిని, ప్రభుత్వానికి అప్పగిస్తారా అని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యాజమాన్యాలను అడిగినప్పుడు, మా కమిటీలో కొందరు ఆ రోజే ఉత్తరం రాసేద్దామన్నారు. మేం మూడుసార్లు కూర్చున్నాం. ఒకసారి టీచర్లను, ఒకసారి తల్లిదండ్రులను పిలిచి విన్నాం. చివరికి అప్పగించాం. ఆ టీచర్లు వెళ్లిపోయాక వాళ్ల స్థానంలో వచ్చే కొత్తవాళ్ల జీతాలు ఎక్కడి నుంచి తేవాలో ముందే లెక్క వేసుకున్నాం కాబట్టి పిల్లల ఫీజు ఒక్కసారిగా పెంచాల్సి రాలేదు.

గడువు అయ్యాక దిగిపోండి. దిగేటప్పుడు మీ దగ్గరున్న ఫైళ్లకు జాబితా రాసి, కొత్తగా వచ్చినవారితో సంతకం చేయించుకుని అప్పగించండి. చెక్కుల మీద సంతకం చేసే అధికారం మీకు ఉంటే, మార్పు తీర్మానం కాపీ తీసుకుని మీరే బ్యాంకుకు వెళ్లండి. నా పేరు తీయించడానికి నేను రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది, రెండోసారి కొత్త సభ్యురాలిని కూడా వెంట తీసుకెళ్లాను.