కొలిమి తిత్తిని బానెట్ కిందికి ఎక్కించే ముందు

సూపర్‌ఛార్జర్ అనగానే రాకెట్టు సరంజామా ఏదో అనుకుంటారు గానీ, పుట్టుకలో అది కొలిమి తిత్తికి చుట్టమే. 1860లో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌కు చెందిన రూట్స్ అన్నదమ్ములు పేటెంటు తీసుకున్న యంత్రం ఇనుము కరిగించే కొలుములకు గాలి కొట్టేది. ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారు బానెట్ కింద ఇప్పుడు చేసే పనీ అదే, ఇంజనుకు గాలి కొట్టడం. సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం చదరపు అంగుళానికి సుమారు 14.7 పౌండ్లు. బయట కొని బిగించే సూపర్‌ఛార్జర్ కిట్టు దాని మీద ఇంకో 8 పౌండ్లు కలిపితే, వేడెక్కడం వల్ల కొంత పోయినా, సిలిండర్లలోకి దాదాపు సగం గాలి అదనంగా వెళ్తుంది. గాలికి తగ్గ పెట్రోలు, పెట్రోలుకు తగ్గ మంట.

నేను మెకానిక్కును కాను. డాలస్ శివారులో ఉంటూ పగలంతా డేటాబేసులతో కుస్తీ పట్టేవాణ్ణి. నా 2016 మస్టాంగ్‌కు మా బావమరిది సాయంతో ఇంటి గ్యారేజీలోనే సూపర్‌ఛార్జర్ బిగించాను. ఇప్పుడు తెలిసినవాళ్లు ఫోను చేసి "మేమూ మొదలుపెడదామా" అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

ముందు అడిగేది ఒకటే: సోమవారం ఆఫీసుకు ఏ కారులో వెళ్తారు? "దీంట్లోనే" అన్నవాళ్లను కిట్టు కొనవద్దంటాను. బిగించడానికి ఇన్ని గంటలు చాలని కిట్టు కరపత్రంలో రాసే లెక్కలు లిఫ్టు, గాలి పనిముట్లు, పదిసార్లు ఇదే పని చేసిన చేతులు ఉన్న షెడ్డుకు సరిపోతాయి. మాకు ఒక శనివారం మొదలుపెడితే తర్వాతి ఆదివారం సాయంత్రానికి తెమిలింది. నేను చేసిన, చేయబోయిన పొరపాట్లన్నీ రాత్రి పది దాటాక చేసినవే.

కిట్టు ఆర్డరు పెట్టకముందే ఇంజను ఆరోగ్యం చూసుకోవాలి. సిలిండర్ సిలిండర్‌కూ కంప్రెషన్ పరీక్ష (లోపల పీడనం నిలుస్తోందో లేదో చూసేది) చేయించండి. ఒక్కటి తేడాగా ఉన్నా అక్కడే ఆగండి. ఫోర్డ్ స్వయంగా సూపర్‌ఛార్జర్ పెట్టి అమ్మిన 2013 షెల్బీ జీటీ500లో కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క, 9.0 మాత్రమే. మన మస్టాంగ్ జీటీలోని 5.0 లీటర్ల, కొయోటీ అని పిలిచే ఇంజనులో అది 2011 నుంచి 2017 దాకా 11.0, 2018 నుంచి 12.0. అంటే అదనపు గాలిని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఇంజను కాదు ఇది. 2011-14 కార్లలో పిస్టన్లను క్రాంక్ ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్లు బలహీనం. 2015లో ఫోర్డ్ వాటిని గట్టిపరిచింది. నూనె పంపు గేర్లు లోహపు పొడిని అచ్చుపోసి చేసినవి. సూపర్‌ఛార్జర్‌ను తిప్పే బెల్టు లాగుడుతో క్రాంక్‌కు పెరిగే అదురు, దానికి తోడు ఇంజను వేగానికి హద్దు వేసే రెవ్ లిమిటర్‌ను పదే పదే కొట్టే అలవాటు, రెండూ కలిస్తే ఆ గేర్లు పగులుతాయి. నూనె పీడనం పోతే ఇంజను నిమిషాల్లో పోతుంది. ఉక్కు గేర్లు వేయాలంటే టైమింగ్ కవరు విప్పాలి. అది ఇంట్లో చేసే పని కాదని నా అభిప్రాయం; నేను ఆ ఒక్కటీ బయట చేయించాను.

పెట్రోలు విషయంలో మనవాళ్లు తరచూ పొరబడతారు. పెట్రోలు ముందే పేలకుండా ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ సంఖ్య ఇండియాలో ఆర్‌ఓఎన్ అనే పరీక్ష లెక్క. అమెరికా బంకుల మీద రాసేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అనే రెండు పరీక్షల సగటు. ఇక్కడి 91 అక్కడి 95కు దగ్గరగా ఉంటుంది. టెక్సస్‌లో 93 దొరుకుతుంది, కాలిఫోర్నియాలో సాధారణంగా 91తో సరిపెట్టుకోవాలి. ట్యూన్ (ఎంత పెట్రోలు, ఎప్పుడు మంట అని ఇంజను కంప్యూటర్‌కు చెప్పే ప్రోగ్రాము) రాసేవాడికి మీ ఊళ్లో దొరికేదేదో నిజం చెప్పండి. 93కు రాసిన ట్యూన్ మీద 87 పోసి బండి తోలితే పిస్టన్లు పోతాయి.

కాగితాల సంగతీ ఇప్పుడే చూసుకోండి. కాలిఫోర్నియాలో ఆ రాష్ట్ర వాయు వనరుల బోర్డు ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు లేని కిట్టు పెడితే స్మాగ్ పరీక్షలో, అంటే అక్కడి పొగ తనిఖీలో, ఆగిపోతారు. టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ తీసేశారు గానీ, డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఉద్గార పరీక్ష అలాగే ఉంది. కొన్ని కిట్లకు వారంటీ రావాలంటే గుర్తింపు ఉన్న మెకానిక్కే బిగించాలి; ఇంట్లో బిగిస్తే అది పోయినట్టే. బీమా సంస్థకు చెప్పకుండా దాస్తే ప్రమాదం జరిగిన రోజున బయటపడుతుంది.

ఇక గ్యారేజీ. ఇక్కడి ఇళ్లలో చాలావాటికి గ్యాసు వాటర్ హీటర్ గ్యారేజీలోనే, ఓ మూలన ఉంటుంది. దాన్ని పీట మీద ఎత్తి పెట్టడం ఊరికే కాదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. అందుకే మంట పుట్టే చోటు నేల నుంచి కనీసం 18 అంగుళాల ఎత్తున ఉండాలని నిర్మాణ నియమం. ఫ్యూయల్ లైను విప్పే రోజున ఆ ఎత్తును నమ్ముకోకండి. గ్యాసు వాల్వు మూసి, మంట ఆరిందని కళ్లతో చూసి, షట్టరు పూర్తిగా ఎత్తి పని మొదలుపెట్టండి. మా ఇంట్లో రెండు రోజులు చన్నీళ్ల స్నానాలు. మా బావమరిది ఇప్పటికీ దెప్పుతాడు.

లైను విప్పే ముందు పీడనం దించాలి. కారును బయట నిలిపి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఇంజను దానంతట అది ఆగేదాకా నడపండి. చల్లారాక లోపలికి తోయండి. ఆ తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి. అంత చేసినా అతుకు దగ్గర గుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకునే విప్పాలి. చేతికందే దూరంలో ఏబీసీ రకం అగ్నిమాపక సిలిండర్ ఉండాలి. 2018 నుంచి వచ్చిన ఇంజన్లలో పెట్రోలును నేరుగా సిలిండర్లోకే కొట్టే డైరెక్ట్ ఇంజెక్షన్ కూడా ఉంది. ఆ లైన్లలో పీడనం వేల పౌండ్లలో ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి.

కారు కిందికి దూరాలంటే జాకీ ఒక్కటే ఎప్పుడూ చాలదు. గట్టి కాంక్రీటు మీద నాలుగు స్టాండ్లు పెట్టి, కారును చేత్తో గట్టిగా ఊపి చూసి, అప్పుడు దూరండి. 2020లో ఇక్కడ లక్షల సంఖ్యలో స్టాండ్లను వెనక్కి పిలిపించారు. బరువు కదిలితే పళ్లు జారిపోయే లోపం. అందుకే విప్పిన చక్రాలను కూడా కారు కిందే పడుకోబెట్టండి. పారబోసిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలూ పిల్లలూ తిరిగే చోట తట్టలో వదిలేయవద్దు.

మూడో రోజు రాత్రి సంగతి చెప్తాను. సిలిండర్లకు గాలి పంచే పాత మానిఫోల్డు తీసేశాం, ఎనిమిది సిలిండర్ల రంధ్రాలూ నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. బోల్టులను గుడ్లు పెట్టుకునే అట్ట ట్రేలో గడికొకటి చొప్పున పెడుతున్నాం. పదకొండు అవుతుండగా మా బావమరిది ట్రే చూసి, "బావా, ఫ్యూయల్ రైలుకు నాలుగు కదా, మూడే ఉన్నాయి" అన్నాడు. ఫ్యూయల్ రైలంటే ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం. నేల మీద పడి దొర్లి ఉంటుందిలే, కిట్టులో వేరేవి ఉన్నాయిగా అని నోటిదాకా వచ్చింది. అతను ఒప్పుకోలేదు. లైటు తెచ్చి, అయస్కాంతపు పుల్లతో సిలిండర్ల వరుసల మధ్య లోయలో వెతికాడు. అకాలపు మంట చప్పుడును పట్టే నాక్ సెన్సరు తీగ పక్కన నూనె మురికిలో టక్కుమని అంటుకుంది. రంధ్రానికి నాలుగు వేళ్ల దూరం. అదే లోపలికి జారి, మేము చూసుకోకుండా స్టార్టు చేసి ఉంటే, వాల్వూ పిస్టనూ నజ్జయ్యేవి. మానిఫోల్డు లేచిన క్షణమే రంధ్రాలకు టేపు అంటించాలి. మేము "ఇంకో పది నిమిషాల్లో కొత్తది ఎక్కిస్తాంగా" అనుకుని అంటించలేదు.

కొత్త యూనిట్‌ను ఒక్కరే ఎత్తకూడదు. నడుము సంగతి పక్కన పెట్టినా, అటూ ఇటూ అయితే గాస్కెట్టు నలుగుతుంది. బోల్టులు టార్క్ రెంచ్‌తో, పుస్తకంలో చెప్పిన వరుసలో బిగించండి. కింద అల్యూమినియం, మొరటు చేతికి మరలు ఊడిపోతాయి. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా వదిలేవి) వేయాలి, నిప్పురవ్వ దూకే గ్యాప్ తగ్గించాలి. పెట్టెలో వచ్చిన గ్యాప్‌ను నమ్మకుండా ఒక్కొక్కటీ కొలవండి. కొన్ని సెంట్రిఫ్యూగల్ (ఫ్యాను తిప్పి గాలి నెట్టే రకం) యూనిట్లను నూనె లేకుండానే పంపుతారు. నింపకుండా తిప్పితే తొలి నిమిషంలోనే అరిగిపోతుంది. వేడెక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ నీటిలో గాలి బుడగ నిలిచిపోతే పంపు తిరుగుతున్న చప్పుడు వస్తూనే ఉంటుంది, నీరు కదలదు. మూత తీసి, నీరు సుళ్లు తిరుగుతోందో లేదో చూడండి.

ట్యూన్ ఎక్కించేటప్పుడు బ్యాటరీకి ఛార్జరు తగిలించి ఉంచండి. మధ్యలో వోల్టేజీ పడిపోతే కారు కంప్యూటర్ సగం రాతతో మొరాయిస్తుంది. తొలి స్టార్టుకు ముందు కారును వాకిట్లోకి తోయాల్సిందే. షట్టరు తీశాం కదా అని లోపలే చేయవద్దు, కార్బన్ మోనాక్సైడ్ తలుపు సందుల్లోంచి ఇంట్లోకి పోతుంది. ఒకరు తాళం తిప్పండి, ఇంకొకరు పక్కన నిలబడి ఫ్యూయల్ రైలు అతుకులు చూడండి. తడి కనిపిస్తే వెంటనే ఆపాలి. చొక్కా చేతులు, మెడలో గొలుసు, ఉంగరం, ఏవీ బెల్టు దగ్గర ఉండకూడదు.

నడిచింది కదా అని ఆ సాయంత్రమే హైవే ఎక్కి తొక్కవద్దు. బూస్టు (సూపర్‌ఛార్జర్ అదనపు పీడనం) పుట్టకుండా మెల్లగా నడిపి, డేటాలాగ్ (కారు కంప్యూటర్ నమోదు చేసిన లెక్కలు) తీసి, ట్యూనర్‌కు పంపి, అతను సరే అనేదాకా ఆగండి. పెట్రోలు మీద పూర్తి బూస్టులో గాలీ ఇంధనాల నిష్పత్తి 11.5-11.8 ప్రాంతంలో ఉండాలని సాధారణంగా చూస్తారు. అది 13 వైపు పాకుతున్నా, నాక్ సెన్సరు జ్వలన సమయాన్ని వెనక్కి లాగుతున్నా కాలు తీసేయండి. మాకు రెండుసార్లు సవరించి పంపాల్సి వచ్చింది, నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కారు వాకిట్లో ఉంటే తొక్కకుండా ఉండటం మొత్తం పనిలో కష్టమైన భాగం.

వెనక టైర్లు అరిగి ఉంటే సూపర్‌ఛార్జర్‌కన్నా ముందు వాటికి ఖర్చు పెట్టండి. చల్లటి ఉదయం, గట్టిపడిన రబ్బరు, మునుపటికన్నా వంద గుర్రాల శక్తి ఎక్కువ: మలుపులో కారు వెనుక భాగం ముందుకు వస్తుంది.

వంద మైళ్ల తర్వాత బెల్టు అంచులు పీచు లేస్తున్నాయేమో, పుల్లీలు ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. కూలెంట్ మట్టం, క్లాంపులు మళ్లీ ఒకసారి. చలికాలంలో ట్యూన్ చేయించినవాళ్లు జులైలో, ఎండ 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఇంకో డేటాలాగ్ తీసి పంపండి. లోపలికి వెళ్లే గాలి వేడి ఆ రోజున వేరుగా ఉంటుంది.