కాంక్రీటు స్వయంబోధిని – 6వ పాఠం: మంచుకు ఓర్చే కాంక్రీటు

కడప ఎండలో దిమ్మ ఎండిపోకుండా తడుపుకోవడమే మనకు పెద్ద పని, ఇక మంచు సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. లడఖ్ వంటి చోట వంతెన పనికి వెళ్లిన మేస్త్రికి ఇక్కడి అలవాట్లలో కొన్ని హాని చేస్తాయి గనుక, ఈ పాఠం తప్పనిసరి.

నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం దాదాపు 9 శాతం పెరుగుతుంది. మూత బిగించిన గాజు సీసాను నిండుగా నింపి ఫ్రీజర్‌లో పెడితే పగులుతుంది. మెడ దగ్గర కొంత వెలితి ఉంచితే సాధారణంగా నిలుస్తుంది. కాంక్రీటులోని సన్నని రంధ్రాలలో నీరు నిండి ఉన్నప్పుడు, ఒకచోట గడ్డకట్టే నీరు తక్కిన నీటిని ముందుకు నెడుతుంది. దానికి దగ్గరలో చోటు దొరకకపోతే ఒత్తిడి పెరిగి, లాగుడుకు బలహీనమైన కాంక్రీటు చీలుతుంది. మంచు కరిగాక ఆ చీలికలోకి మరింత నీరు చేరుతుంది. ఒక్క రాత్రి చలి కంటే పదే పదే వచ్చే చలి ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

ఆ వెలితిని మనమే కల్పించాలి. కుంకుడు రసం నురగ కట్టినట్లే, గాలి పట్టించే రసాయనం, కాంక్రీటు కలిపే సమయంలో కంటికి ఆనని బుడగలను నిలుపుతుంది. నీరు ఏ బిందువు నుంచైనా సుమారు 0.2 మిల్లీమీటర్ల లోపే ఒక బుడగను చేరగలగాలి. అందుచేత మొత్తం గాలి ఎంత అన్నదానికంటే బుడగలు ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముఖ్యం. సరిగా కుదించని చోట కనిపించే తేనెపట్టు గుంతలు ఈ పనికి రావు. తడిలో గడ్డకట్టే చోట వాడే ఎం50 (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 50 న్యూటన్ల బలం) కంటే తక్కువ గ్రేడు కాంక్రీటుకు, 20 మిల్లీమీటర్ల కంకరైతే గాలి 5 శాతం, ఒక శాతం అటూ ఇటూగా ఉండాలని కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది.

దీనికి మూల్యం ఉంది. గాలి ఒక్క శాతం పెరిగితే బలం సుమారు 5 శాతం తగ్గుతుంది. అయితే బుడగల వల్ల మిశ్రమం సులభంగా పారుతుంది గనుక నీరు తగ్గించి ఆ నష్టాన్ని కొంత పూడ్చుకోవచ్చు. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద కలిపే అలవాటున్నవారు జాగ్రత్తపడాలి: అందులో కాలని బొగ్గు మిగిలితే అది రసాయనాన్ని పీల్చేస్తుంది. వైబ్రేటర్‌ను అతిగా ఆడించినా గాలి పోతుంది.

అభ్యాసం: రసాయనంతో ఒకటి, లేకుండా ఒకటి చిన్న దిమ్మలు పోసి, 28 రోజులు తడిపి, రాత్రి ఫ్రీజర్‌లో, పగలు నీటిలో ఉంచండి. వారానికొకసారి తూచి, అంచులు రాలాయేమో చూడండి. ప్రయోగశాలలు 300 ఆవృత్తాల (ఒకసారి గడ్డకట్టి కరగడం ఒక ఆవృత్తం) వరకు వెళతాయి గనుక, పది రోజులకే ఫలితం రాలేదని మానకండి.