ఖర్చుల యాప్‌కు బ్యాంక్ సింక్ కలిపాక లెక్క తప్పుతోందా?

బ్యాంక్ డేటా అసలు రావడం లేదు
మన దేశంలో దీనికి సరైన దారి అకౌంట్ అగ్రిగేటర్, అంటే యూజర్ సమ్మతితో అతని బ్యాంక్ డేటాను యాప్‌కు చేర్చే మధ్యవర్తి సంస్థ. కానీ అక్కడ డేటా తీసుకోవాలంటే ఆర్‌బీఐ, సెబీ వంటి ఆర్థిక నియంత్రణ సంస్థ కింద నమోదైన సంస్థ అయి ఉండాలి. సొంతంగా రాసుకునే చిన్న యాప్‌కు ఆ అర్హత ఉండదు. అలాంటి సంస్థతో కలిసి పనిచేయండి, లేదా స్టేట్‌మెంట్ ఫైల్ దిగుమతితో మొదలుపెట్టండి. యూజర్ నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మాత్రం ఎప్పుడూ అడగొద్దు.

ఒకే ఖర్చు రెండుసార్లు పడుతోంది
ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ఎస్సెమ్మెస్ నుంచి ఒకసారి, బ్యాంక్ డేటా నుంచి ఇంకోసారి అదే లావాదేవీ వస్తుంది. రెండింటిలో షాపు పేరు ఒకేలా ఉండదు కాబట్టి పేరుతో పోల్చితే దొరకదు. యూపీఐ అయితే 12 అంకెల రిఫరెన్స్ నంబర్‌తో పోల్చండి. దానికి ఖాతా, మొత్తం, డెబిట్ లేదా క్రెడిట్ కూడా జోడించండి. ఈ చివరిది ముఖ్యం: ఫెయిలైన పేమెంట్ తిరిగి జమైనప్పుడు అదే నంబర్‌తో రావచ్చు. డెబిట్, క్రెడిట్ తేడా చూడకపోతే యాప్ దాన్ని నకలనుకుని పారేస్తుంది, యూజర్‌కు లేని ఖర్చు మిగులుతుంది.

రిఫరెన్స్ లేని వాటిని తేదీ, మొత్తం చూసి కలిపేయకండి. ఒకే రోజు రెండుసార్లు 10 రూపాయల టీ తాగేవాళ్లు ఎంతమందో! బ్యాంక్ డేటాలో ప్రతి లావాదేవీ తర్వాతి బ్యాలెన్స్ ఉంటే, రెండు టీలను వేరు చేసేది అదే. వరుసగా కూడుతూ వెళ్లండి. బ్యాలెన్స్ ఎక్కడ కుదరకపోతే తప్పు అక్కడే ఉంది.

నెల ఖర్చు జీతాన్ని మించిపోయింది
కార్డుతో కొన్నవీ, ఆ కార్డు బిల్లు కట్టినదీ రెండూ ఖర్చుగా లెక్కపడ్డాయి. సొంత ఖాతాల మధ్య పంపిన డబ్బుదీ ఇదే కథ. వీటికి 'బదిలీ' అనే వేరే రకం పెట్టి, మొత్తంలోంచి తీసేయండి.

నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ సింక్ ఆగింది
కోడ్ కంటే ముందు యూజర్ సమ్మతి చూడండి. గడువు తీరి ఉండొచ్చు, ఆయనే రద్దు చేసి ఉండొచ్చు, లేదా మీరు మొదట్లోనే ఒక్కసారికే అడిగి ఉండొచ్చు. ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించినా ఇది తెరుచుకోదు; కొత్త సమ్మతి కావాలి. అంతవరకు స్క్రీన్ మీద 'చివరిగా అప్‌డేట్ అయిన తేదీ' చూపించండి. పాత బ్యాలెన్స్‌ను నమ్మి ఎవరైనా ఈఎంఐ తప్పితే ఆ బాధ్యత మనదే.

ఒకటో తారీఖు జీతం పోయిన నెలలో పడింది
సర్వర్ యూటీసీలో ఉంది, అంటే మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో. అర్ధరాత్రి నుంచి ఉదయం 5:30 లోపు వచ్చినవన్నీ ముందు రోజుకు జారిపోతాయి. నెలను భారత సమయంతోనే విడగొట్టండి.

యూపీఐ లైట్ ఖర్చులు కనిపించడం లేదు
యూపీఐ లైట్ అంటే చిన్న చెల్లింపుల కోసం ముందే డబ్బు వేసి పెట్టుకునే వాలెట్. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో లైట్‌లోకి వేసుకున్న మొత్తమే ఉంటుంది, చిల్లర ఖర్చులు విడిగా ఉండవు. దాన్ని నగదు పర్సులా చూపి, వివరాలు యూజర్‌నే రాసుకోనివ్వండి.