ప్రతిదానికీ కాల్ చేసే వాళ్ల దగ్గర మంచి ముక్కలు పడితే ఎట్టా ఆడాలి

సంక్రాంతికి కావలిలో మా ఇంట్లో చింతపిక్కలతో పోకర్ ఆడతాం, డబ్బులు పెట్టి ఆడటం మన రాష్ట్రంలో కుదరదు కదా, ఆన్‌లైన్‌లో కూడా 2020లోనే ఆపేశారు. మా మామ ఒకాయన ఉన్నాడు, ఏ ముక్కలు పడినా వదలడు, బొటనవేలితో అంచు లేపి ఇంకోసారి చూసుకుని "సర్లే, చూద్దాం" అని పిక్కలు తోసేస్తాడు, అంటే ఎదుటోడు వేసినన్ని తనూ వేసి కాల్ చేస్తాడు. ఇట్టాంటోళ్ల దగ్గర చాలామంది చేసే తప్పేందంటే, మంచి ముక్కలు పడగానే దాచిపెట్టి, ఏమీ వెయ్యకుండా చెక్ చేస్తారు, ఎందుకబ్బా? ఆయన ఎట్టాగూ కాల్ చేస్తాడు, నువ్వే పెద్దగా వెయ్యి.

లెక్క చూడండి. మీ చేతిలో రెండు ఎనిమిదులు, ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి మధ్యలో తెరిచే మొదటి మూడు ముక్కల్లో, రాజు, ఎనిమిది, మూడు పడినాయి, పాట్‌లో (మధ్యలో పోగైన కుప్పలో) 10 పిక్కలు ఉన్నాయి. ఫ్లాప్‌కీ, ఆ తర్వాత తెరిచే రెండు ముక్కలకీ, మూడుసార్లూ పాట్‌లో సగం వేస్తే ఆయన దగ్గర్నుంచి వచ్చేది 5, 10, 20, అంటే 35. పాట్ ఎంతుంటే అంత వేస్తే 10, 30, 90, మొత్తం 130! అవే ముక్కలు, అదే మామ.

మొదట్లో, ఫ్లాప్ తెరవక ముందు కూడా అంతే, తప్పనిసరిగా వేసే మొదటి పందేనికి మూడు రెట్లు బదులు నాలుగైదు రెట్లు రైజ్ చెయ్యండి, అంటే పెంచండి. రాజు జత, పక్కన ఆసు ఉన్నా ధైర్యంగా మూడుసార్లూ వెయ్యొచ్చు, చిన్న జతతో కూడా కాల్ చేస్తారు కాబట్టి. బ్లఫ్ మాత్రం వద్దు, వదిలే మనిషి కాదు గదా.

ఒక్కటి, రోజంతా కాల్ చేసినాయన రివర్‌లో (చివరి ముక్క తెరిచాక) ఉన్నట్టుండి పెద్దగా రైజ్ చేశాడా, మీది ఒక్క జతే అయితే పడేయండి.