చవక వోడ్కాను బొగ్గుతో వడకట్టాను: నా అనుభవం

విజయనగరంలో మా ఇంటికి సిరిమానోత్సవానికి వచ్చిన బావగారు తెచ్చిన చవక వోడ్కా, మూత తీయగానే స్పిరిట్‌లా గుప్పుమనడంతో, ఎవరూ ముట్టక అలమరలోనే ఉండిపోయింది. వోడ్కాను తయారీలోనే బొగ్గు గుండా వడకట్టే పద్ధతి ఉన్నది కనుక, మంచినీళ్ల జగ్గులో అమర్చే యాక్టివేటెడ్ కార్బన్ (వాసనలను పీల్చుకునేలా తయారుచేసిన బొగ్గు) ఫిల్టరు ఒకటి కొన్నాను.

మొదటిసారి తప్పు నాదే. కొత్త ఫిల్టరును కడగకుండా పోసినందున గ్లాసు అడుగున కాటుకలాంటి నలుసు పేరుకుంది. రెండోసారి నీరు తేటగా దిగేవరకు ఫిల్టరును కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, వోడ్కాను సన్నని ధారగా నాలుగుసార్లు వడకట్టి, చివరకు కాఫీ ఫిల్టరు కాగితం గుండా దించాను.

ఏది ఏదో చెప్పకుండా రెండు గ్లాసులు ముందు పెడితే, వడకట్టినదాన్ని బావగారు వాసనతోనే పట్టేశారు. ఘాటు వాసన బాగా తగ్గింది. గొంతు మంట మాత్రం కొద్దిగానే తగ్గింది, ఎందుకంటే సీసా మీద రాసిన 42.8 శాతం ఆల్కహాలును బొగ్గు తీసివేయదు. అదే ఉత్సాహంతో కొంచెం బ్రాందీ కూడా పోశాను కానీ, రంగు వెలిసి, ఉన్న కాస్త రుచీ పోయింది.

ఇది దుకాణంలో కొన్న సీలు సీసాకు మాత్రమే. నాటుసారాలో మిథనాల్ అనే విషపు ఆల్కహాలు ఉంటే ఈ వడపోత దానిని సురక్షితం చేయలేదు. ఆ ఫిల్టరును మళ్లీ మంచినీళ్లకు వాడనివ్వనని మా ఆవిడ పారవేసింది. ఫిల్టరు ఖరీదు కలుపుకుంటే, ఇంకొంచెం మంచి సీసాయే వచ్చేది.